పురుగుమందు గోనె

రెండు రూపాయల కిలో బియ్యం ఇంకా రాని రోజులవి. మా ఆయన వన్ టౌన్‌లో ఒక ప్రైవేటు గోడౌన్‌లో బస్తాలు మోసే కళాసీ. మా వీధిలో సగం మంది మగాళ్లది అదే పని. అందుకే మా ఇళ్లలో గోనెసంచికి ఉన్న మర్యాద పట్టుచీరకి ఉండేది కాదు. పరుపు గోనె, తలుపుకి తెర గోనె, వానొస్తే గొడుగూ గోనె. చిల్లులేని గోనె తెచ్చిన మొగుణ్ణి చూసి ఇరుగుపొరుగు ఆడాళ్లు కుళ్లుకునేవారు.

ఒక గురువారం మా ఆయన అలాంటిదే తెచ్చాడు. దళసరిగా, కొత్తగా ఉంది. ఏదో ఘాటు వాసన మాత్రం వేసింది. చాకలిసోడా వేసి రెండుసార్లు ఉడకబెట్టి, బండకేసి బాది, రెండు రోజులు ఎండలో ఆరేశాను. ముక్కు ఆనించి చూస్తే వాసనే లేదు. శనివారం సాయంత్రం రేషన్ డిపో నుంచి తెచ్చిన బియ్యం అందులో పోసి, నలుగురికీ కనబడేలా వాకిట్లోనే మూతి కట్టాను.

మాది చర్చికెళ్లే కుటుంబం. మా సంఘంలో ఆడవాళ్లు అన్నం వండే ముందు ప్రతిపూటా పిడికెడు బియ్యం దేవుడి పేర పక్కకి తీస్తారు. ఆదివారం అందరి పిడికిళ్లూ ఒకే బుట్టలో పోసి, ఆరాధన అయ్యాక ఎవరో ఒక దిక్కులేని మనిషికి ఇస్తారు. నేనేమో ఆ వారమంతా పిడికిళ్లు ఎగ్గొట్టాను. పాస్టరమ్మగారి ముందుకి ఖాళీ సంచితో వెళ్లలేక, ఆదివారం పొద్దున్నే కొత్త గోనెలోంచి రెండు సోలలు ఒక్కసారే తీసి మూట కట్టాను. దేవుడికే టోపీ పెట్టానని లోపల నవ్వుకున్నాను కూడా. మాకు మాత్రం డబ్బా అడుగున మిగిలిన పాత బియ్యం వండి, మూత పెట్టి, గోనె దగ్గర ఒలికిన గింజలు ఊడ్చి కోళ్లకి వేసి వెళ్లాను.

చర్చి నుంచి వచ్చేసరికి రెండు కోళ్లు కాళ్లు చాపుకుని పడి ఉన్నాయి. మూడోది ఇంకా మెడ కొట్టుకుంటోంది. ఇంట్లోనే ఉన్న మా ఆయన బయటికొచ్చి, కోళ్లని చూసి, గోనె వైపు చూశాడు.

“ఏటది? ఎక్కడిదా గోనె? నిజం సెప్పు” అన్నాను.

“పురుగుమందుదే. ఉడకబెట్టీసావు కదేటి, పోద్దనుకున్నాను.”

అతని పీక పిసకాలనిపించింది. అంతలోనే నా మూట గుర్తొచ్చింది. ఆ రోజు బుట్టెడు బియ్యమూ పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒంటరిగా ఉండే మామ్మకి ఇచ్చారు. మార్కెట్లో రాలిన కూరలు ఏరుకుని బతికే మనిషి. నా తల నిమిరి మరీ వెళ్లింది.

“ఎవుళికీ సెప్పకు. గోనె ఎత్తుకొచ్చానని పనిలోంచి తీసేత్తారు” అని మా ఆయన వెనకనుంచి అంటూనే ఉన్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. దారి పొడుగునా ఇళ్లలో అన్నం ఉడుకుతున్న వాసన. ఆ వాసనకి నేను భయపడింది ఆ ఒక్క రోజే.

మామ్మ అప్పటికే గంజి వార్చేసింది. పళ్లెంలో అన్నం పెట్టుకుని, చల్లారడానికి విసనకర్రతో విసురుతోంది.

“మామ్మా, తినకు! అందులో మందుంది.”

“దేవుడి బియ్యంలో మందేటే?”

“నా వల్లే. నాను సెడ్డ గోనెలో పోసినాను. మా కోళ్లు సచ్చిపోనాయి.”

ఆమె పళ్లెం ఒళ్లోకి లాక్కుంది. “నిన్నట్నించి టీ నీళ్లే తాగినాను. సత్తే కడుపు నిండి సత్తాను. ఒగ్గీ.”

నేను పళ్లెం పట్టుకున్నాను. ఆమె వదల్లేదు. ఎనభై ఏళ్ల ముసలామెతో ఇరవై రెండేళ్ల నేను అన్నం పళ్లెం కోసం పెనుగులాడాను. ఆమె గోళ్లు నా మణికట్టులో దిగాయి. చివరికి నేనే గెలిచాను. పళ్లెంలోది, కుండలోది, గంజి, సంచిలో మిగిలిన బియ్యం, అన్నీ మురుగుకాలవలో పోశాను. సంఘంలో ఆడవాళ్లందరూ వారమంతా దాచిన పిడికిళ్లు అవి.

మామ్మ గోడకి జారబడి కూర్చుంది. “మరిప్పుడు ఏటి తింతాను?” అంది.

అంత దూరం పరుగెత్తినదాన్ని, ఆ మాట ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ ఇంటికి పరుగెత్తి, మా ఆయన వడ్డించుకోబోతున్న అన్నం గిన్నె లాక్కున్నాను.

“మరి నాకో?” అన్నాడు.

“గోనె తిను” అన్నాను.

గిన్నె తీసుకెళ్లి మామ్మ ముందు పెట్టాను. పాత బియ్యమని, డబ్బాలోవని, ఆ గోనె తగల్లేదని రెండుసార్లు చెప్పాను. ఆమె గిన్నె నా వైపు తోసింది.

“ముందు నువ్ తిను. నాను సూత్తాను.”

కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. తిన్నాను. వట్టి అన్నం, గొంతు దిగదు. ఆకలికి ఆమె పెదాలు నాతోపాటే కదులుతున్నాయి. నాలుగు ముద్దలు మింగి ఖాళీ చెయ్యి చూపించాను. ఆమె నా మొహంలోకి చూస్తూనే ఉంది. చెయ్యి మాత్రం గిన్నె వైపు రాలేదు.