రామగిరి గుట్ట మీద ఒక ఆదివారం

పెళ్లయి రెండేళ్లు దాటినా మా ఆయనతో ఒక పగలంతా గడిపిన గుర్తు లేదు నాకు. ఆయనది గోదావరిఖనిలో బొగ్గుబాయి పని. షిఫ్టు దిగి వస్తే తిండి, నిద్ర, మళ్లీ షిఫ్టు. అందుకే డెబ్బైల మొదట్లో, చలి మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం రామగిరి గుట్ట కింద మా బాపు చేనుకు పోదామని పట్టుబట్టాను. చేన్లో తాటికమ్మల గుడిసె ఉంది. గుట్ట ఎక్కి దిగి, గుడిసెలో అన్నం తిని, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలని నా ఆశ.

బస్సులోనే ఆయన కుదురుగా లేడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. గుడిసె చేరాక బాపు నులకమంచం వాల్చి, "కూసో అల్లుడా, చాయ్ తాగుదువు" అన్నా వినకుండా చేను గట్ల మీద తిరుగుతూనే ఉన్నాడు.

"పానం మంచిగ లేదా?" అని అడిగాను.

"ఏం లేదు. నడువు, జల్ది ఎక్కుదాం."

బాపు వంట చూస్తానని ఉండిపోయాడు. మేమిద్దరమే బయల్దేరాం. చెట్టు చెట్టు దగ్గరా ఆగి సీతాఫలాలు తెంపాలని, ఏవేవో మాట్లాడాలని నాకుండేది. ఆయన వెనక్కి తిరిగి చూస్తేగా! కొమ్మలు లేని చోట కూడా తల వంచుకునే ఎక్కుతున్నాడు.

పైన కోట గోడ కూలిన చోట నిలబడితే చేలన్నీ కనిపించాయి, దూరంగా తెల్లటి గీతలా గోదావరి. ఆయాసంతో నవ్వుతూ పక్కకు తిరిగాను. ఆయన గోడకు వీపు ఆనించి కూలబడి ఉన్నాడు. ఆ గాలిలోనూ ముఖం నిండా చెమట.

"ఏందయ్యా, గిట్ల కూసున్నవ్?"

"మీద ఏం లేదు" అన్నాడు ఆకాశం చూపిస్తూ. "గింత ఖాళీ ఉంటే గుండె దడదడ కొట్టుకుంటాంది."

నవ్వబోయి ఆగాను. పక్కన కూర్చున్నాను. అప్పుడు ఆయనే అన్నాడు.

"పోయిన వారం బాయిల కప్పు కూలింది. నీళ్లు తాగుదామని అప్పుడే ఇవతలికొచ్చిన. మర్లి చూస్తే నేను నిలవడ్డ కాడ అన్నీ బండలే. అప్పటి నుంచి నెత్తి మీద ఏదో పడ్తదనే భయం."

"ఎవలకన్న తాకినయా?"

"లేదు. ఆడ నేనొక్కన్నే ఉంటి."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే డ్యూటీకి పోనిస్తవా?"

వారమంతా రాత్రుళ్లు ఆయన దొర్లుతుంటే నల్లులనుకొని మంచం ఎండలో వేశాను నేను.

చెయ్యి పట్టుకొని దించుకొచ్చాను. బాపు చేసిన కోడికూరతో రెండు ముద్దలు తిని, గుడిసెలో చాప మీద అలాగే నిద్రపోయాడు. ఇప్పుడు కాలు నిలవంది నాకు. చేను చుట్టూ తిరుగుతుంటే బాపు అడిగాడు.

"ఏమైంది బిడ్డా? కొట్లాడిండ్రా?"

"లేదు బాపు."

చెబితే బాయి మాని చేను దున్నమంటాడు. ఆ మెట్టచేను బాపు ఒక్కడికే చాలడం లేదు. అయినా చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఇంతలో బాట మీద బస్సు దుమ్ము కనిపించింది. ఆయనను లేపలేదు.

లేచాక, "బస్సు పోయిందా?" అన్నాడు.

"పోయింది."

చెప్పులు తొడుక్కున్నాడు. రోడ్డు దాకా నడిచి, లారీ ఎక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరాం.

తెల్లారి మొదటి షిఫ్టుకు ఆయన వెళ్లిపోయాడు. వండినది అలాగే వదిలేసి, షిఫ్టు దిగే వేళకు చాలా ముందే బాయి గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నల్లటి ముఖాల్లో ఆయన ముఖం దొరికేదాకా ఒక్కొక్కరినీ వెతుకుతూనే ఉన్నాను. నన్ను చూసి ఆయన తోటివాళ్ల ముందు సిగ్గుపడ్డాడు.

"ఇంటికి నడువు. అందరు చూస్తుండ్రు."

"చూడనీ" అన్నాను.

మర్నాడు కూడా వెళ్లాను.