నమిలిన బియ్యం

మా మనవడు అద్దెకు తెచ్చుకుని చదివే డిటెక్టివ్ నవలల్లో పోలీసాయన ఎప్పుడూ పొడవాటి కోటు వేసుకుంటాడు, సిగరెట్టు పొగలోంచి దొంగను పట్టేస్తాడు. మన ఇంట్లో ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా నానమ్మా అని అడిగాడు ఒకరోజు. ఉన్నాడురా, నన్ను కన్నవాడే, అన్నాను. కోటు లేదు, సిగరెట్టు లేదు, ఆ మాటకొస్తే ముఖాన నవ్వు కూడా లేదు.

మా నాన్న నిజాం పోలీసులో అమీను. అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టరు. కిరోసిన్ కూడా సరిగా దొరకని యుద్ధం రోజుల్లో మేము అమీర్‌పేటలో ఉండేవాళ్లం. అప్పుడది పట్నం కాదు, పట్నం పక్కన ఊరు. పంజగుట్ట వైపు పోతే తోటలు, రాళ్లగుట్టలు, అక్కడక్కడ ఒక బంగళా. నాన్న మంచం మీద కూర్చుని గోడవైపు చూస్తూ గంటలు గడిపేవాడు. కొత్తగా నౌకరీలో చేరినప్పుడు ఠాణాలో ఒక మనిషిని కొట్టి దొంగతనం ఒప్పించారట. అతను జైల్లోనే చచ్చిపోయాక అసలు దొంగ దొరికాడట. కొట్టింది నాన్న కాదు. కానీ చూస్తూ నిలబడ్డాడు. ఆ దిగులు ఆయన్ను వదల్లేదు. మా చర్చివాళ్లు "అమీన్‌సాబ్‌కు ప్రార్థన చాలదు" అని గుసగుసలాడేవారు. చాలనిది ప్రార్థన కాదని వాళ్లకెవరు చెప్పాలి?

బోనాల ఆదివారం నాడు మేము చర్చిలో ఉండగానే పంజగుట్ట బంగళా దొర మనిషి పరుగెత్తుకొచ్చాడు. దొరసాని బంగారు కంటె పోయిందని, దొంగ దొరికిందని, వచ్చి తీసుకుపొమ్మని కబురు. నాన్న ప్రసంగం మధ్యలోనే లేచాడు. ఇక్కడినుంచి చెప్పేది నేను చూసింది కాదు. ఆ ఇంటి వంటామె మా అమ్మకు చెప్పినది, నాన్న విని కాదనకపోయినది.

కంటె పోయింది ముందురోజు. సాయంత్రమే దొర ఇంటిల్లిపాదినీ పిలిచి, "రేపు పొద్దుగాల అందరు బియ్యం నమలాలె" అని చెప్పాడు. అప్పట్లో అదొక పరీక్ష. పూజారి మంత్రించిన బియ్యం చిటికెడు నోట్లో వేసుకుని నమిలి మోదుగాకులో ఉమ్మాలి. దొంగకు భయంతో నోరెండిపోతుంది కాబట్టి వాడి బియ్యం పొడిగా వస్తుంది. దొరా దొరసానీ తప్ప అందరూ నమిలారు, అందరివీ తడిగానే వచ్చాయి. అంట్లు తోమే ఆవిడ బియ్యం మాత్రం పిండిలా పొడిపొడిగా రాలింది. ఇంకేముంది, జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు. దొంగ అని వాడంతా వినేలా అరిచారు.

నాన్న వెళ్లేసరికి ఆవిడ గేటు పక్కన మట్టిలో కూర్చుని ఉంది. జైలుకు పంపుతారని ఏడవడం లేదట. "బాంచెన్ అమీన్‌సాబ్, పోరనికి తల్లి పోసి బతికిండు. ఇయ్యాల బోనమెత్తుతనని మొక్కుకున్న. దొంగ బోనం అమ్మ ముట్టుకుంటదా?" అని ఏడ్చిందట. తల్లి పోయడమంటే మశూచి.

నాన్న ఆ మాట విని అక్కడే ఆగిపోయాడు. బోనమెత్తే ఆడవాళ్లు ఒక్కపొద్దుంటారు, అమ్మవారికి సమర్పించేదాకా కొందరు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ఊరందరికీ తెలిసిన సంగతి అది. ఆ వాకిట్లో ఉన్నవాళ్లంతా పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చూస్తున్నదే. అయినా ఒక్కడి బుర్రకూ తట్టలేదు. పండుగ పండుగే, పరీక్ష పరీక్షే అనుకున్నారు మహానుభావులు.

"దొరసాని సుత బోనమెత్తుతున్నరా?" అని అడిగాడు నాన్న.

"ఎత్తుతది. ఏమాయె?" అన్నాడు దొర.

"జర ఆమెకు సుత చిటికెడు బియ్యం పంపుండ్రి."

దొర అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కానీ తలుపు చాటునుంచి వింటున్న దొరసాని తనే బియ్యం తెప్పించుకుని నమిలింది. వంటామె ఆకు తెచ్చి అందరి ముందూ పెట్టింది. పొడిపొడి.

ఆ తర్వాత నాన్న మిగతా ఆకులు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. దొర బామ్మర్ది ఆకు దగ్గర ఆగాడు. బియ్యం ఎర్రగా ఉన్నాయి. అమ్మవారికి తాంబూలం పెట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ పాన్ ముట్టరు, అది వాళ్ల ఇంటి ఆచారం.

"దొంగకు నోరెండుతదని నిన్ననే అందరికి ఎరుకైంది. ఎండుతదని ఫికరున్నోడే పొద్దుగాల లేసి తడి చేసుకున్నడు. ఏమంటవు?" అన్నాడు నాన్న. కొట్టలేదు, తిట్టలేదు. ఎదురుగా కూర్చుని ఆ దిగులు కళ్లతో చూశాడంతే. కాసేపటికి బామ్మర్ది గడ్డివాములోంచి తనే కంటె తీసి ఇచ్చాడు.

"ఇంటి గుట్టు, ఇక్కడిదిక్కడ్నే విడువుండ్రి" అన్నాడట దొర. నాన్న ఒకే మాట అన్నాడు: "గామెను వీధిలకు ఈడ్చినప్పుడు గీ గుట్టు యాద్ రాలేదా?" బామ్మర్దిని ఠాణాకు తీసుకుపోయాడు. దాని ఫలితంగా మమ్మల్ని ఎక్కడో అడవిలాంటి ఊరికి బదిలీ చేశారు. చేసుకోనీ. ఆ బదిలీ కాగితాన్ని మా అమ్మ బైబిల్లో పెట్టి దాచుకుంది.

ఇక నేను కళ్లారా చూసింది. సాయంత్రం డప్పులతో బోనాలు బల్కంపేట అమ్మవారి గుడికి పోతున్నాయి. ప్రతి ఇంటిముందూ బోనమెత్తిన ఆడవాళ్ల కాళ్లమీద నీళ్లు పోస్తున్నారు. ఆవిడ కూడా వేపాకులు కట్టిన కుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. కాని దొంగ అన్న మాట పొద్దున విన్నంతమంది, కాదు అన్న మాట వినలేదు. తలుపులు మూసుకున్నారు. ముందువాళ్లు ముందుకు, వెనకవాళ్లు వెనక్కి జరిగారు. మా ఇంటి ముందు నడివీధిలో ఒక్కతే మిగిలింది.

నాన్న యూనిఫారం విప్పకుండానే చెంబు అందుకున్నాడు.

"పాస్టరుగారు చూస్తే?" అంది అమ్మ.

"చూడనీ" అని, వీధిలోకి పోయి, వంగి, ఆవిడ కాళ్లమీద నీళ్లు పోశాడు.

"వద్దు అమీన్‌సాబ్" అంటూ ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకుంది. "నువ్వు నడువు తల్లీ, నేనొస్త" అన్నాడు నాన్న.

ఇద్దరూ కదిలారు. అమ్మ చెయ్యి విడిపించుకుని నేనూ వెంటపడ్డాను. పంజగుట్ట నుంచి వచ్చే బాట కలిసేచోట దొరసాని తన బోనంతో నిలబడి ఉంది. పొద్దున తన తమ్ముణ్ణి పట్టుకుపోయిన మనిషి ఎదురుగా వస్తున్నాడు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె నాన్నవైపు చూడనే లేదు. అంట్లు తోమే ఆవిడ పక్కకు తప్పుకోబోతే చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వే ముందు నడువు" అంది.

ముందు ఆవిడ, వెనుక దొరసాని, ఆ వెనుక టోపీ చేత్తో పట్టుకుని మా నాన్న. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుని, చెంబులతో ఆడవాళ్లు బయటికి వచ్చారు. ఆయన మా నాన్న అని దారిలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకుంటూ గుడిదాకా నడిచాను.