తుడిచి ఇచ్చిన గ్లాసు

ఆ రోజుల్లో మా తెనాలి చుట్టుపక్కల ‘వైన్స్’ అని బోర్డు ఉన్న కొట్లో వైను తప్ప అన్నీ దొరికేవి. (ఇప్పుడూ పెద్ద తేడా లేదు, బోర్డులు మారాయంతే.) అందుచేత మావాళ్ళలో ఎవరైనా వైను రుచి చూశానంటే అవి కోతలైనా అయి ఉండాలి, చర్చిలోనైనా అయి ఉండాలి. నాది రెండో రకం. మా నాన్న రేపల్లెలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, లూథరన్ సంఘపెద్ద. ప్రభురాత్రి భోజనానికి కావలసిన ద్రాక్షారసం మా నాయనమ్మ చేతుల మీదుగా తయారయ్యేది. నల్లద్రాక్ష, పంచదార, కాసిని లవంగాలు జాడీలో వేసి, మూతికి గుడ్డ కట్టి మంచం కింద దాచి, మనవల మీద నమ్మకం లేక ఆ మంచం మీదే పగలూ రాత్రీ కాపలా పడుకునేది. అది తియ్యగా ఉండేది, గొంతు దిగుతుంటే కాస్త వెచ్చగా ఉండేది. ఒక్క చుక్క నేల మీద పడినా నాన్న తన జేబురుమాలుతో తుడిచి, ఆ రుమాలు విడిగా ఉతుక్కునేవారు. వైను అంటే అదేనని పెళ్ళీడు వచ్చేదాకా నమ్మాను.

అప్పుడు నేను తెనాలిలో బస్టాండు పక్కన ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో కూర్చునేవాణ్ణి. పేరుకి రిసెప్షన్ గానీ, తాళాలు ఇవ్వడం, తువ్వాళ్ళు రాలేదని తిట్లు తినడం, ఫ్యాను తిరగని గదికి కూడా మంచి గదేనండి అని చెప్పి పంపడం నా పని. అలాంటి దశలో బాపట్ల నుంచి జమీందారు ఫోన్ చేశాడు. డిగ్రీలో మా హాస్టల్ గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. చేబ్రోలు వైపు పొలాలున్న ఇంటివాడు కాబట్టి వాణ్ణి జమీందారు అనేవాళ్ళం. బల్బు మార్చబోయి అంతస్తు అంతా చీకటి చేసినవాడు సైంటిస్టు. నేను పాస్టరుని. రాజధాని వస్తుందన్న ఊపులో జమీందారు వాళ్ళ నాన్న పొలంలో ఒక ముక్క అమ్మి, సూర్యలంక దగ్గర సముద్రం కనపడేలా రిసార్టు కడుతున్నాడట. “మేనేజరు కుర్చీ నీదేరా పాస్టరూ. మా బావ ఒక్కసారి నిన్ను చూస్తే చాలు. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో డిన్నరు. బావ బెంగళూరు నుంచి మంచి మంచి వైన్లు తెస్తున్నాడు, ఒక్కొక్కటీ రుచి చూసి రిసార్టుకి ఏవి పెట్టాలో తేలుద్దాం” అన్నాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోటూ, గాజు తలుపులూ, ఇంగ్లీషులో గుడ్ ఈవెనింగులూ కళ్ళ ముందు తిరిగాయి. నాన్నకి చెబితే ఆయన సంఘంలో లేచి, మా అబ్బాయి ఉద్యోగం కోసం ప్రార్థించండని మనవి చేసుకున్నారు. (నేను డిన్నరని మాత్రమే చెప్పాను, వైన్ల సంగతి మింగేశాను.) అంటే రేపల్లెలో ఒక సంఘం మొత్తం కళ్ళు మూసుకుని నేను సారా పరీక్ష పాసవ్వాలని దేవుణ్ణి వేడుకుందన్నమాట. ఇక నేను ఓడిపోవడానికి వీల్లేదు. లాడ్జిలో కౌంటరు వెనక నిలబడి ఫోన్లో వీడియోలు చూస్తూ స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి గిరగిరా తిప్పడం, ముక్కు లోపల పెట్టి కళ్ళు మూసుకోవడం నేర్చుకున్నాను. గది ఖాళీ చేస్తున్న విత్తనాల ఏజెంటు ఒకాయన కాసేపు చూసి, “నీళ్ళు వాసనొస్తున్నాయా బాబూ” అని అడిగి, బాటిల్ నీళ్ళు కొనుక్కోవడానికి బయటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దు వాలకముందే బాపట్ల చేరాను. డాబా మీద బల్ల వేసి, దాని మీద తెల్లదుప్పటి పరిచి, సీసాలు వరసగా నిలబెట్టారు. వేయించిన చందువా చేపలు, రొయ్యల ఇగురు, గోంగూర మాంసం పొగలు కక్కుతున్నాయి. జమీందారు వాళ్ళ బావ మర్యాదస్తుడు, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. సైంటిస్టు అప్పటికే చందువా ముక్కతో పరిశోధన మొదలుపెట్టాడు. బావగారు మొదటి సీసా మెడకి తెల్ల గుడ్డ చుట్టి, మూత తీసి, నా గ్లాసులో ఒక్క గుక్కెడు పోసి, “మీరే కాబోయే మేనేజరు కదండీ, ముందు మీరు” అన్నాడు. అందరూ మాటలు ఆపి నా వైపు చూశారు.

ఇక్కడ మా సంఘంలోని పద్ధతి చెప్పాలి. అందరికీ ఒకటే గిన్నె. తాగినవాడు పెదవి తగిలిన అంచుని తెల్ల గుడ్డతో తుడిచి, రెండు చేతులతో పక్కవాడికి అందించాలి. డాక్టరు తరవాత రిక్షా తొక్కే అతను తాగుతాడు, అతని తరవాత మా నాన్న తాగుతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వైను తాగే పద్ధతి అదొక్కటే. ఆ తెల్లదుప్పటి, ఆ గుడ్డ, ఆ గుక్కెడు, ఆ నిశ్శబ్దం చూసేసరికి వీడియోలన్నీ ఎటుపోయాయో తెలియదు. తాగాను. నాలుక మీద జామాకు నమిలినంత వగరు. సగం గ్లాసులోనే ఉంచి, మొహం మారకుండా మింగి, బల్ల మీది గుడ్డ తీసుకుని, అంచు తుడిచి, గ్లాసు కొంచెం తిప్పి, రెండు చేతులతో జమీందారుకి అందించాను.

వాడు చెయ్యి చాపలేదు. హాస్టల్లో మా అమ్మ పంపిన రొయ్యల పచ్చడి నా కంచంలోంచే కలుపుకుని తిన్నవాడు, నా నీళ్ళ బాటిల్ మూతి పెట్టి తాగినవాడు, ఆ గ్లాసుని వేలి వెనక భాగంతో కొంచెం అవతలికి నెట్టాడు. “ఎంగిలి కదరా” అన్నాడు నవ్వుతూ. వంట చేసే ఆవిణ్ణి పిలిచి, “అత్తా, ఆ గ్లాసు అటు పక్కన పెట్టు. దాన్ని వీటిలో కలపకు” అన్నాడు. నేనూ నవ్వాను. నిజమేలే, అలవాట్లో పొరపాటు, పెద్దింటి శుభ్రాలు వేరు అని సర్దుకున్నాను. సర్దుకోవడంలో అప్పటికే నాకు మంచి అనుభవం ఉంది.

తరవాత తెలిసింది, రుచి చూశాక ఆ వైను మింగకూడదట. మధ్యలో పెట్టిన గిన్నెలో ఉమ్మేయాలట. వాళ్ళు ముగ్గురూ పుక్కిలించి ఉమ్ముతున్నారు. నా వల్ల కాలేదండి. చుక్క పడితే జేబురుమాలుతో తుడిచిన మనిషి కొడుకుని, నోట్లోది ఎలా ఉమ్మను? నాకు ఇంకో గ్లాసు ఇచ్చారు, ప్రతి సీసాలోదీ మింగాను. రెండోది పులిసిన చింతపండు రసం, మూడోది జలుబుకి ఇచ్చే కషాయం. దాంట్లో నల్లరేగు పండూ కొత్త తోలూ కలిసిన వాసన వస్తుందని బావగారు కళ్ళు మూసుకుని తన్మయంగా అన్నాడు. తోలు వాసనకి మా తాతల పేట దాటేదాకా ముక్కు మూసుకుని నడిచినవాళ్ళ కథలు నాకు తెలుసు. అదే వాసన సీసాలో పెట్టి బెంగళూరు నుంచి తెప్పించుకుంటే ఇంత గౌరవమా అనుకున్నాను. “కొంచెం చేదుగా ఉందండి” అన్నాను. “చేదే దీని గొప్పతనమండీ” అన్నాడాయన. అలాగైతే ఆ సాయంత్రం అంతా గొప్పగానే ఉంది.

నాలుగో సీసా దగ్గర బావగారికి ఏదో తెగ నచ్చింది. తాను సగం తాగిన గ్లాసు జమీందారు చేతిలో పెట్టి, “ఇది చూడు బావా” అన్నాడు. జమీందారు దాన్ని తుడవలేదు, తిప్పలేదు, సరిగ్గా ఆయన పెదవి తగిలిన చోటే నోరు పెట్టి తాగి, “అద్భుతం బావా” అన్నాడు. సైంటిస్టు కూడా ఒక గుక్క లాగి నాకు ఇవ్వకుండా బల్ల మీద పెట్టాడు. నేను రొయ్యల ఇగురు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ క్షణంలో లేచి వెళ్ళిపోయానని రాస్తే చదివేవాళ్ళకీ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. వెళ్ళలేదు. గోంగూర మాంసం ఇంకొంచెం వేయించుకున్నాను.

కాళ్ళు తేలిపోతున్నప్పుడు, “మా నాయనమ్మ చేసే ద్రాక్షారసం ముందు ఇవన్నీ దిగదుడుపేనండి” అని బావగారితో అన్నట్టు గుర్తు. పగలబడి నవ్వారు. సైంటిస్టు ఫోన్ తీసి, “పాస్టరూ, ఇందాక చేసినట్టు తుడిచి ఇవ్వరా. బ్యాచ్ గ్రూపులో పెడతా” అన్నాడు. “చెయ్యరా, బావ కూడా సరదా పడుతున్నాడు” అన్నాడు జమీందారు. బావ సరదా పడితే కుర్చీ నాదే. పక్కన పెట్టిన గ్లాసు తెచ్చి ఇచ్చారు. తుడిచాను, తిప్పాను, రెండు చేతులతో పట్టుకున్నాను. ఎవరూ అందుకోలేదు, అందుకుంటే వీడియోలో సరదా ఉండదు కదా. అలాగే పట్టుకుని ఉండగా తెల్లదుప్పటి మీద కాస్త ఒలికింది. జేబులో రుమాలు ఉందని తెలుసు, తియ్యలేదు.

బాగా చీకటి పడ్డాక జమీందారు నన్ను కార్లో బాపట్ల స్టేషన్‌లో దింపాడు. కారు ఆపి, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ, “ఏంటంటే పాస్టరూ, ముందు కూర్చునే ఉద్యోగానికి మా బావ వాళ్ళ వైపు అబ్బాయి ఒకడు ఉన్నాడంట. నువ్వు వెనకాల స్టోర్సు చూసుకోరా. నీ అంత నమ్మకస్తుడు మాకు దొరకడు” అన్నాడు. ఆ మాటకి సమాధానాలు రైల్లో తెనాలి వచ్చేలోపు బోలెడు తట్టాయి, ఒకదాన్ని మించింది ఒకటి. ఇప్పటికీ తడుతూనే ఉన్నాయి, స్నానం చేసేటప్పుడు, బండి నడిపేటప్పుడు. కానీ ఆ రోజు స్టేషన్ మెట్ల మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డ ఆ అబ్బాయి, అంటే అప్పటి నేను, వంగి, కారు అద్దంలోంచి లోపలికి చూసి, మనస్ఫూర్తిగా “థాంక్స్‌రా” అన్నాడు. పాపం, కారు మలుపు తిరిగేదాకా చెయ్యి కూడా ఊపాడు.