క్యారేజీ ఖాళీ అయ్యేదాకా

తొంభైల చివర్లో గుణదలలోని ఓ జూనియర్ కాలేజీలో ఆడపిల్లల హాస్టల్‌కి నేను వార్డెన్‌ని. ప్రతి ఆదివారం తల్లిదండ్రులు క్యారేజీలతో వచ్చేవారు. మూత తీయకముందే "ర్యాంకెంత?" అని అడిగేవారు. ఇక పిల్లలకు ముద్ద దిగేది కాదు. బందరు నుంచి చేపల పులుసు తెచ్చే ఒకాయన కూతురైతే మూడు వారాలుగా గిన్నె ముట్టలేదు. చిక్కి సగమైంది.

నాకు ఒళ్లు మండింది. ప్రిన్సిపాల్‌ని అడక్కుండానే గేటు దగ్గర బోర్డు పెట్టి, చాక్‌పీసుతో రాశాను: "క్యారేజీ ఖాళీ అయ్యేదాకా మార్కుల ఊసెత్తకూడదు."

ఆ బందరాయన నా మీదికి లేచాడు. "కన్నవాణ్ణండీ! నేనడక్కపోతే ఎవరడుగుతారు?"

"అడగండి. పిల్ల తిన్నాక అడగండి," అని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

చేసేదేం లేక ఆయన ఇంట్లో మేక పిల్ల చేస్తున్న అల్లరి చెప్పడం మొదలుపెట్టాడు. కూతురు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ముక్కలన్నీ తినేసి, గిన్నె అడుగున మిగిలిన పులుసు కూడా వేలితో నాకేసింది.

సాయంత్రం బెల్లు కొట్టాక గేటు దాటిన మనిషి మళ్లీ పరుగున వెనక్కొచ్చాడు. ర్యాంకు గుర్తొచ్చిందేమోనని నేను పోట్లాటకు సిద్ధమయ్యాను.

"మేడంగారూ, పులుసు చాల్లేదండీ. వచ్చేవారం పెద్ద క్యారేజీ తెస్తాను," అన్నాడు.