ఉప్పుటేటికి ఆక్సిజన్

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలిసిన ఒక్క విషయంతో లోకాన్నంతా బాగుచేసేయొచ్చనిపించేది. ఆ ఒక్క విషయం చేపల చెరువులో నీళ్ళు. తాడేపల్లిగూడెంలో డిగ్రీ పూర్తిచేసి, గణపవరం దగ్గర ఒక ల్యాబ్‌లో చెరువు నీళ్ళు పరీక్షించే పనిలో కుదిరాను. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ పడిపోయినట్టు, పరిగెత్తుకెళ్ళి ఆక్సిజన్ బిళ్ళలు చల్లాలి. కొల్లేటి చుట్టుపక్కల చిన్నపిల్లలకి కూడా తెలిసిన ఈ సంగతిని నేనే కనిపెట్టినట్టు తిరిగేదాన్ని. ఆ ఊపులోనే తీరంలో డాల్ఫిన్లను గమనించే వాలంటీర్లలో చేరాను. ఒక పూట శిక్షణ ఇచ్చారు. (అందులో సగం సేపు, వాళ్ళిచ్చిన టోపీ ఎవరికి నప్పిందో చూస్తూ కూర్చున్నాను. అసలు సంగతి ఆ సగంలోనే చెప్పారట.)

వాయుగుండం పట్టిన మూడో రోజు ఫోన్ వచ్చింది. పోటెక్కిన సముద్రంతో పాటు ఒక డాల్ఫిన్ ఉప్పుటేట్లోకి వచ్చేసిందట. పోటు తగ్గి నీళ్ళు తీసేలోగా వెనక్కి వెళ్ళకపోతే బురదలో చిక్కుకుంటుంది. దగ్గర్లో ఉన్న వాలంటీరుని నేనే. చెరువులున్న మా మావయ్య బండెక్కి, ఈదురుగాలిలో వెళ్ళాం. ముసురు పట్టిందంటే చాలు, ఆక్సిజన్ బిళ్ళల బస్తా ఆయన బండి మీదే ఉంటుంది.

గట్టెక్కి చూద్దును కదా, నల్లటి వీపొకటి తేలింది, ఫుస్సుమంది, మునిగింది. అరనిమిషంలో మళ్ళీ తేలింది.

"మావయ్యా, ఆక్సిజన్ పడిపోయిందండీ!"

మావయ్య నాకన్నా కంగారు మనిషి. "చూస్తా నిలబడ్డావేంటే, బస్తా దింపు!" అన్నాడు. సముద్రం దాకా పారే ఏటికి ఇద్దరం కలిసి గుప్పిళ్ళతో బిళ్ళలు చల్లడం మొదలుపెట్టాం.

ఏట్లో వలలు కట్టుకునే కుటుంబంలోని పెద్దావిడ ఒకామె, పడవలోంచి చూసీ చూసీ అడిగింది.

"ఏం జల్లుతున్నారండీ?"

"ఆక్సిజనండీ. పాపం, గాలి కోసం పైకొస్తోంది."

"అది పాలిచ్చే జీవం కదమ్మా! పైకొచ్చి గాలి పీల్చుకోపోతే ఎలా బతుకుద్దండీ? రాకపోతే కదా కంగారు పడాల!"

మావయ్య గుప్పిట్లో మిగిలిన బిళ్ళల్ని చప్పుడు చేయకుండా జేబులో వేసుకున్నాడు.

"దానికి ఇబ్బంది మా వలలతోనండీ," అందావిడ. నిజమే, సముద్రం వైపు ఏటికడ్డంగా వరసగా వలలున్నాయి. అవి చేపలు బాగా పడే రోజులు, ఇలాంటి వరద కోసమే వాళ్ళు ఏడాదంతా చూస్తారు. తీసేయమని అడగడానికి నాకు నోరు రాలేదు. నా ముఖం చూసి ఆవిడే కొడుకులకి కేకేసింది. "వలలెత్తండ్రా! చేపలు రేపూ పడతాయి." తరవాత నాతో, "అదెంతసేపటికి తేల్తుందో నువ్వు లెక్కెట్టమ్మా," అంది.

ఒక్కొక్క వలా లేచింది. డాల్ఫిన్ మునిగింది. నేను లెక్కపెట్టాను. ముప్పై. అరవై. వంద. ఇందాక తేలుతోందని ఏడ్చినదాన్ని, ఇప్పుడు తేలడం లేదని ఏడుస్తున్నాను. నూట నలభై దగ్గర లెక్క తప్పాను. అప్పుడు, ఆఖరి వల దాటాక చాలా దూరంలో, సముద్రం వైపు, ఫుస్సుమంది. మావయ్య కళ్ళు తుడుచుకుని, వాన జల్లు అన్నాడు. (వాన అప్పటికే వెలిసింది.)

ఇప్పుడు కొత్త వాలంటీర్లకు నేనే శిక్షణ ఇస్తున్నాను. ఏదైనా ముందు అడిగి, తెలుసుకుని, నిదానంగా చేస్తాను. బాగానే ఉంది. కానీ ముసురు రోజుల్లో గట్టు మీద నిలబడ్డప్పుడు, ఏరు మొత్తానికీ ఊపిరి పోసేద్దామని పరిగెత్తిన ఆ తెలివితక్కువ పిల్ల భలే ముద్దొస్తుంది. ఆ పిల్ల కూడా ఎక్కడో ఒకచోట పైకి తేలుతుందేమోనని కాసేపు ఆగి చూస్తాను.