మా బావగారి బ్లాగు అక్షింతలు

ముక్కూ మొహం తెలియని వాళ్ల బ్లాగులు చదివి, అడగకుండానే వాటికి సమీక్షలు రాసే జబ్బు ఉంది మా బావకు. జబ్బని ఎందుకంటున్నానంటే, పదకొండేళ్లుగా దాన్ని అనుభవిస్తున్నది నేను. ఆయన నిక్షేపంగానే ఉన్నాడు.

"బ్లాగులా? ఇంకా ఎవరైనా రాస్తున్నారా?" అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను.

"రాసేవాళ్లకేం, దండిగా ఉన్నారు. చదివేవాళ్లే లేరు," అన్నాడు బావ.

పేరున్నవాళ్లవి, పదిమంది మెచ్చుకునేవి ఆయనకు అక్కర్లేదు. బ్లాగులో రాసిన టపా కింద "వ్యాఖ్యలు: సున్నా" అని ఉండాలి. ఆ సున్నా కంటపడితే ఇక అన్నం నీళ్లు గుర్తుండవు. మొట్టమొదటి టపా నుంచి చిట్టచివరి టపా దాకా ఒక్క ముక్క వదలకుండా నమిలేస్తాడు. ఉద్యోగం చేసిన రోజుల్లో లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఎక్కడం, దిగడం, తాడు లాగి చూడడం, తప్పు రాసి సంతకం పెట్టడం. రిటైరయ్యాక లిఫ్టులు వదిలాయి కానీ తప్పులు వదల్లేదు. సమీక్ష కింద కూడా రిపోర్టులో లాగా పూర్తి పేరూ, ఇంటి చిరునామా, ఫోను నంబరూ ఉండాల్సిందే.

నేను ఒక ప్రెస్సులో ప్రూఫు రీడర్ని. మందుల డబ్బాల్లో మడిచి పెడతారే, ఆ కాగితాలు చదవడం నా పని. వారమంతా చీమ తలకాయంత అక్షరాలు చూసి చూసి, ఆదివారం మధ్యాహ్నం అలా నడుం వాలుస్తానో లేదో, ఫోను మోగుతుంది.

"రావోయ్, ఒకటి దొరికింది."

ఆయనకు తెలుగు టైపు చేయడం రాదు. నేర్చుకోమంటే "నువ్వున్నావుగా" అంటాడు. అక్కయ్యతో మొరపెట్టుకుంటే, "పోనీలేరా తమ్ముడూ, ఆ రెండు గంటలైనా నా వంటకు వంకలు పెట్టకుండా ఉంటారు," అంటుంది. ఇక నాకు దిక్కెవరు? వెళ్తాను. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని చెబుతాడు. నేను కళ్లు మూతలు పడుతుంటే కొడతాను.

ఒకసారి ఒక నర్సమ్మ బ్లాగు దొరికింది. పాపం, డ్యూటీ దిగి వచ్చి తన ముసలి పిల్లి గురించి రాసుకుంటుంది.

"రాసుకో. 'భాష ఫరవాలేదు. కానీ ఆ నల్లకుక్క పాత్ర ఎక్కడా నిలబడలేదు.'"

"బావా, అది పిల్లి. బూడిదరంగు పిల్లి. నలభై టపాల నిండా పిల్లే ఉంది."

"చదివింది నువ్వా, నేనా?"

"ఇద్దరం చదివాం."

"అయితే కుక్క అని కొట్టు."

కొట్టాను. తప్పని తెలిసీ తప్పు కొట్టడం మా వృత్తిలో మహాపాపం. కానీ ఆయనతో వాదించాలంటే ఓపిక కావాలి. అది నాకు శనివారం సాయంత్రానికే అయిపోతుంది.

మర్నాడు నర్సమ్మ నిప్పులు కక్కింది. "పిల్లికీ కుక్కకీ తేడా తెలియని మీరా నన్ను అనేది?" అని మొదలుపెట్టి ఆ పిల్లి పుట్టుక, దాని పంతాలు, అది తప్పిపోయి మూడోనాడు పక్కింటి మేడ మీద దొరికిన వైనం, అన్నీ రాసింది. కొత్త టపాయే అయింది. బావ చదివి, "కోపంలో ఈవిడ వాక్యం బాగుపడింది," అని తలూపాడు.

ఒక బస్సు డ్రైవర్ని సమీక్షలో రైలు డ్రైవర్ని చేశాడు. ఆ డ్రైవరు ఆ వారంలోనే బస్సు బ్రేకుల మీద మూడు టపాలు రాసి మీద పడ్డాడు. తేనెటీగలు పెంచే పంతులమ్మకు "దోమల పెంపకంలో మీ కృషి" అని రాయించాడు.

"దోమల్ని ఎవరైనా పెంచుతారా బావా?"

"అదే ఆవిడ చెబుతుంది, చూద్దాం."

ఇలా బ్లాగులవాళ్లలో ఆయనకు 'అక్షింతలాయన' అని పేరు పడిపోయింది. ఆయనకొచ్చే తిట్లన్నీ నేనే పైకి చదివి వినిపించాలి. ఆ తిట్లలోనూ అక్షరదోషాలుంటాయి. వాటికి బాధపడేదీ నేనే.

మొన్నామధ్య గడియారాలు బాగుచేసే ఆయన బ్లాగు దొరికింది. నూటపన్నెండు టపాలు. తన దగ్గరికొచ్చిన గడియారాల గురించి, వాటిని తెచ్చిన మనుషుల గురించి రాశాడు. చెవులు వినపడని ఒక తాత, అలారం గడియారం గుండెకు ఆనించుకుని అది నడుస్తోందో లేదో కనిపెడతాడట. అది చదివినప్పుడు నా నిద్ర కూడా కాసేపు పోయింది. చివరి టపా మాత్రం పది నెలల నాటిది. అందులో రెండే ముక్కలు: "ఈ బ్లాగు చదివేది నేనొక్కణ్నే. ఇవాళ్టి నుంచి నేనూ మానేస్తున్నాను."

బావ ఆ రెండు ముక్కలూ నా చేత మరోసారి చదివించుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"రాసుకో. 'గొడుగుల మరమ్మతు గురించి మీరు రాసినదంతా పైపైన ఉంది.'"

"గొడుగులా!"

"గొడుగులే."

కొట్టాను. వారం గడిచింది, జవాబు లేదు. రెండో వారం, "గొడుగు కర్రల గురించి ఒక్క ముక్క లేకపోవడం శోచనీయం" అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. మూడో వారం, "గొడుగులకు కీ ఇచ్చే మీ పద్ధతి పూర్తిగా తప్పు" అని రాయించాడు. అయినా చడీచప్పుడూ లేదు. బావ కంచం ముందు కూర్చుని కూడా ఫోను వంకే చూసేవాడు.

"ఎవరో తిట్టలేదని ఈయనకు ముద్ద దిగడం లేదురా," అని వాపోయింది అక్కయ్య. "నీకు పుణ్యముంటుంది, నువ్వైనా నాలుగు తిట్టు."

నాలుగో ఆదివారం మధ్యాహ్నం అక్కయ్య ఇంట్లో లేదు. ఎవరో తలుపు బాదారు. తీస్తే, చంకలో లావుపాటి ఫైలుతో సన్నటి మనిషి.

"అక్షింతలాయన ఇల్లు ఇదేనా? గొడుగులు బాగుచేస్తానని నేనెక్కడ రాశానో చూపించమనండి!"

నూటపన్నెండు టపాలూ ప్రింటు తీసి మరీ తెచ్చాడు. నేను గోడకు అతుక్కుపోయాను. బావ మాత్రం నిదానంగా కుర్చీ చూపించాడు.

"యాభై నాలుగోది తియ్యండి."

"దాంట్లో ఉన్నది గోడ గడియారం!"

"చదవండి, విందాం. గడియారమో గొడుగో తేలిపోతుంది."

ఆయన కోపంగా చదివాడు. "తర్వాతది," అన్నాడు బావ. అదీ చదివాడు. నాలుగోది చదివేసరికి ఆయన గొంతులో కోపం పోయింది, కథ మిగిలింది. బావ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను మూడుసార్లు టీ పెట్టి ఇచ్చాను. సాయంత్రానికి ఆయన గొంతు బొంగురుపోయింది.

"ఇప్పటికైనా ఒప్పుకుంటారా, గొడుగులు కావని?"

"ఇంకా అనుమానంగానే ఉందండీ. ఆ అలారం తాత తర్వాత ఏమయ్యాడో రాస్తే కానీ తేలదు."

"ఆయనా? ఆయన..." అని మొదలెట్టి, గడియారాలాయన టక్కున ఆగాడు. ఫైలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "రాస్తాను. అప్పుడు చదవండి," అని విసవిసా వెళ్లిపోయాడు.

ఇక నాకు ఒళ్లు మండింది. "ఏం బావా! ఆయనవి గడియారాలని మీకు తెలుసు కదా?"

"తెలియకేం?"

"మరి ఆ నర్సమ్మ పిల్లి?"

"దాని కుడిచెవి కాస్త చిరిగి ఉంటుందని కూడా తెలుసు."

"మరెందుకీ గోల?"

బావ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "బాగుందని రాస్తే థాంక్స్ అంటారు, అంతటితో సరి. కుక్క అన్నామనుకో, కాదని చెప్పడానికైనా కూర్చుని రాయాలి కదా? ఒకసారి కూర్చున్నాక వాళ్లను ఎవరూ లేపలేరోయ్."

"ఈ మాట నాకు పదకొండేళ్ల కిందటే చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు సరదాగా కొడతావు. నీ విసుగు ఆ వాక్యాల్లోకి దిగితేనే వాళ్లకు నిజంగా కోపం వస్తుంది."

ఆ విసుగుతోనే ఖాళీ టీ గ్లాసులు ఎత్తి కడగడానికి వెళ్లాను.

బుధవారం నాటికి నూటపదమూడో టపా వచ్చింది. 'ఒక మూర్ఖుడి ఇంట్లో మూడు గంటలు' అని పేరు పెట్టాడు. అంత బాగా ఆయన మునుపెన్నడూ రాయలేదు. అలారం తాత బాగానే ఉన్నాడట. కొడుకు చప్పుడు చేయని కొత్త బ్యాటరీ గడియారం కొనిస్తే, గుండెకు ఆనించుకు చూసి, "ఇది చచ్చింది" అని తిప్పి పంపేశాడట. ఆదివారం నేను వెళ్లగానే బావ ముసిముసిగా నవ్వుకుంటూ ఆ టపా నా ముందుకు తోశాడు. చివరి పేరా చూద్దును కదా:

"ఆ ఇంట్లో వంటవాడొక్కడే మంచివాడు. అడగకుండానే మూడుసార్లు టీ ఇచ్చాడు. మొహం చూస్తే పాపం, ఏళ్ల తరబడి సెలవు ఇచ్చినట్టు లేరు."

వంటవాడా! అక్కడికక్కడే కూర్చుని మొదలెట్టాను. "అయ్యా, నేను వంటవాణ్ని కాను. ప్రూఫు రీడర్ని." అంటే ఏమిటో ఆయనకు తెలియాలి కదా? వివరించాను. 'భోజనానికి ముందు' అని ఉండాల్సిన చోట 'భోజనానికి మందు' అని పడితే, తిరుగుతున్న మిషన్ను నేనెలా ఆపించానో రాశాను. మా ఫోర్‌మన్ ఎలా ఎగిరిపడ్డాడో రాశాను. ఆ మాత్రల కంపెనీ మనిషి వచ్చి నా చేతులు పట్టుకున్న సంగతి కూడా రాశాను. తలెత్తి చూస్తే కిటికీలో ఎండ పోయింది. మెడ పట్టేసింది. ఆవులింత మాత్రం ఒక్కటి కూడా రాలేదు.

బావ నా భుజం మీదుగా చదువుతున్నాడు.

"కామెంటు ఇంత పొడుగు ఉండకూడదోయ్. వేరే బ్లాగు పెట్టుకో."

"పెట్టినా ఎవరు చదువుతారు బావా?" అన్నాను నీరసంగా.

అని, నాలుక కరుచుకున్నాను. బావ అప్పటికే తన కుర్చీ నా పక్కకు లాక్కుంటున్నాడు.