కూర్చోమంటే నమ్మని మనిషి

మా చిన్నాయన పోయాడని కుటుంబం గ్రూపులో రాసింది నేనే. చిన్నమ్మకు చేతులు ఆడలేదు, ఎవరో ఒకరు రాయాలి కదా. ఆదివారం పొద్దున ఆస్పత్రి వరండాలో నిలబడి, "చిన్నాయన ఇక లేడు, గుండె ఆగిపోయింది, సాయంత్రం తీసుకెళ్తాం" అని పంపాను. కాసేపట్లోనే దండం పెట్టే చేతుల బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. అంతవరకు ఓర్చుకున్నాను. ఏళ్లుగా ఆ ఇంటి గడప తొక్కని మా పెద్దనాన్న కొడుకు ఒకడు "సౌమ్యుడు, అజాతశత్రువు" అని పెట్టేసరికి ఒళ్లు మండిపోయింది.

అజాతశత్రువట. ఉప్పల్ నుంచి నాచారం దాకా మా చిన్నాయనతో మాటలు బంద్ అయినవాళ్లందరినీ ఎక్కిస్తే ఒక బస్సు నిండుతుంది. కేబుల్ కనెక్షన్ ఇచ్చినవాడు, కాలనీ సంఘం అధ్యక్షుడు, రెండు మందుల షాపులవాళ్లు, సొంత తోడల్లుడు. ఆయన సౌమ్యుడే అయితే నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన కోపిష్టి. ఆ కోపానికి నేనూ తిట్లు తిన్నాను, ఆ కోపం వల్లే ఇవాళ ఉద్యోగం చేసుకుంటున్నాను కూడా. పోయినవాడికి మంచి పేర్లు తగిలించి మనిషినే మార్చేస్తుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ఉప్పల్‌లో ఆయనది పిండి గిర్నీ. తాత పొలం పోగా మిగిలిన జాగాలో రేకుల షెడ్డు వేసి పెట్టాడు. ఆ గిర్నీకి ఒక పద్ధతి ఉండేది. డబ్బా అక్కడ పెట్టి బజారుకు పోతామంటే పట్టేవాడు కాదు. గింజలు పోసిన దగ్గర్నుంచి పిండి వాళ్ల డబ్బాలో పడేదాకా ఎదురుగా నిలబడాల్సిందే. కూర్చోవడానికి ఒక బల్ల కూడా వేయలేదు. ఆడవాళ్లు మొహం మీదే తిట్టేవాళ్లు. "నిలవడుండ్రి. నేను కల్తీ జేస్తనో లేదో మీ కండ్లతోని సూడుండ్రి. సూడకుంట పోయి రేపు నన్ను దొంగ అనొద్దు" అని ఆయన తిరిగి అరిచేవాడు. గిర్నీ చప్పుడుకు అలవాటుపడి మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉండేది.

నాతో మాత్రం, "కూసోమన్నోణ్ణి నమ్మకు బిడ్డా" అనేవాడు. బ్యాంకులో గానీ, దవాఖానాలో గానీ ఎవరైనా "కూర్చోండి సార్" అంటే చాలు, ఆయన ముఖం మారిపోయేది. మర్యాదకు అన్నవాళ్లు కూడా ఆయన చూపుకు బెదిరిపోయేవాళ్లు.

నాకు ఎడమకాలు సరిగ్గా పనిచేయదు. కాలేజీ రోజుల్లో కదులుతున్న బస్సులోంచి పడ్డాను. బస్సు మెట్లు ఎక్కలేను, కారు క్లచ్ తొక్కలేను. నాచారంలో మందుల కంపెనీలో ఉద్యోగం దొరికినప్పుడు, గేర్లు వాటంతటవే మారే పాత కారు ఒకటి కొనుక్కున్నాను. ఆ బండి ఆగిన రోజు నా ఉద్యోగం కూడా ఆగుతుందని నాకు తెలుసు. అందుకే కిందటేడు గేరు మారినప్పుడల్లా బండి వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపు మొదలయ్యేసరికి నాకు నిద్ర పట్టలేదు.

ముందు కంపెనీ సర్వీసు సెంటర్‌కే వెళ్లాం. నేను వద్దన్నా చిన్నాయన వెంట వచ్చాడు. గేర్ బాక్స్ ఆయిల్ మార్చాలేమో చూడమని అడిగితే, టై కట్టుకున్న సలహాదారు నవ్వాడు.

"అది లైఫ్ టైం ఆయిల్ మేడమ్. మార్చే పని ఉండదు."

"ఎవల లైఫ్?" అన్నాడు చిన్నాయన.

"బండి లైఫ్ సార్."

"బండి లైఫ్ ఎంతుంటది?"

"గేర్ బాక్స్ పనిచేసినంత వరకు సార్."

"గేర్ బాక్స్ ఎంతవరకు పన్జేస్తది?"

"ఆయిల్ మంచిగా ఉన్నంత వరకు..." అని, తానేమన్నాడో తనకే వినబడి ఆగిపోయాడు. "మీరు కూర్చోండి సార్, కాఫీ తెప్పిస్తాను."

చిన్నాయన అక్కడి నుంచి లేచి వచ్చేశాడని రాయలేను, ఎందుకంటే ఆయన అసలు కూర్చోలేదు. "ఆయిల్ సచ్చేదాంక బండి బతుకుతదట, బండి సచ్చేదాంక ఆయిల్ బతుకుతదట. వీనికి జీతమెవడిస్తుండు" అని గేటు దాటేదాకా గట్టిగానే తిట్టాడు.

కుదుపు ఎక్కువైంది. ఆ వారం చిన్నాయన గిర్నీ రాయి మార్చే పనిలో ఉన్నాడు. నేనొక్కదాన్నే నాచారంలో మా కంపెనీకి దగ్గరున్న ఒక షెడ్డుకు వెళ్లాను. ఆ మెకానిక్‌ది తియ్యటి మాట. బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల ఒకటి బయటికి లాగి, తెల్లగుడ్డ మీద తుడిచి చూపించాడు. నల్లటి జిడ్డు.

"గిదీ అక్కా నీ గేర్ ఆయిల్. మొత్తం మాడిపోయింది. ఫ్లష్ కొట్టకపోతే గేర్ బాక్స్ ఖతం. మిషిన్‌తోని కడిగి కొత్తది పోస్త. నువ్వు డ్యూటీకి పో, ఈడ నిలవడితే నీ కాలు నొస్తది."

నా కాలు మీద అంత జాలి చూపించినవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. బండి ఇచ్చి డ్యూటీకి పోయాను. సాయంత్రం తీసుకుని, చిన్నమ్మకు ఏవో మందులు కొనడానికి లాలాపేట్ వైపు వెళ్లాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ గట్టిగా అరిచింది గానీ బండి ముందుకు కదలలేదు. ఇంకాస్త నొక్కితే వెనక్కి జారింది. వెనక లారీ. హారన్ల మోత. నేను దిగి గోడ పట్టుకుని నిలబడితే, పక్క నుంచి పోయే ప్రతివాడూ ఆడవాళ్లకు బండ్లెందుకని ఒక మాట విసిరి పోయాడు.

ఫోన్ చేయగానే చిన్నాయన స్కూటర్ మీద వచ్చాడు, తలంతా పిండి. నన్ను ఒక్క మాట అడగలేదు. ముందు లారీ డ్రైవర్‌తో తగువు పెట్టుకున్నాడు. తర్వాత అతని చేతే బండిని పక్కకు నెట్టించాడు.

మర్నాడు బండిని ఆ షెడ్డుకే లాగించి తీసుకెళ్లాక ఆయన పెద్దగా ఏమీ అడగలేదు. ఆయనకు కార్ల గురించి ఓనమాలు తెలియవు. "నిన్న మా బిడ్డకు సూపించిన పుల్ల మల్ల సూపించు" అన్నాడు. మెకానిక్ లాగి చూపించాడు.

"యాడికెళ్లి తీసినవో ఆడ్నే పెట్టు."

పెట్టాడు.

"అది ఏంది?"

"ఇంజన్, కాకా."

"మరి గేర్ బాక్స్ పుల్ల ఏది?"

మెకానిక్ బానెట్ దించుతూ నసిగాడు. నా బండి గేర్ బాక్స్‌కు అసలు పుల్లే ఉండదట. నాకు చూపించింది ఇంజన్ ఆయిల్. అది నల్లగా కాక ఇంకెలా ఉంటుంది? ఇక కొత్తగా పోసిందేమిటని చూస్తే, మూలన ఒక డ్రమ్ము ఉంది. వచ్చిన బండికల్లా అందులోంచే పోస్తున్నాడు.

"అన్ని బండ్లకు ఇదే నడుస్తది కాకా, ఫికర్ జెయ్యకు. జర కూసో, చాయ్ తాగు."

ఆ మాట అనకుండా ఉంటే ఎలా ఉండేదో. చిన్నాయన ఇంటికి పోయి గిర్నీకి తాళం వేసి వచ్చి, ఆ షెడ్డు గేటు ముందు నిలబడ్డాడు. వచ్చిన ప్రతి బండినీ ఆపాడు. "మిరపకాయలు పట్టిన రాయి మీద గోధుమలు పడితే తింటవా? లోపల అన్ని బండ్లకు ఒకటే డ్రమ్ము ఉన్నది. పుల్ల యాడికెళ్లి తీసిండో అడిగి పో" అని చెప్పాడు. కొందరు నవ్వారు, చాలామంది బండి తిప్పుకుని పోయారు. పోలీసులను పిలుస్తానని మెకానిక్ అరిస్తే, "పిలువు, ఆల్లకు గూడ బండ్లున్నయి" అన్నాడు. ఎండలో ఆయన పెదాలు పగిలిపోయాయి. చిన్నమ్మ ఏడ్చింది. నేను వద్దని బతిమాలితే నన్నూ తిట్టాడు.

చివరికి మెకానిక్కే దిగొచ్చి, గేర్ బాక్స్ పని తెలిసిన మేస్త్రీని వేరే చోటి నుంచి తెచ్చుకున్నాడు. పోసిన ఆయిల్ వేరే రకమని, అదీ తక్కువ పోశారని, ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే లోపల అరిగిపోయేదని ఆ మేస్త్రీ చెప్పాడు. అంతా తీసి, నా బండికి పనికొచ్చే ఆయిల్ సీలు డబ్బాలు తెప్పించారు. ప్రతి డబ్బా సీలూ నా ముందే విప్పాలని చిన్నాయన పట్టుబట్టాడు.

"చిన్నాయనా, నా కాలు నొస్తుంది, కుర్చీ తెప్పియ్యి" అన్నాను.

"నొయ్యని. నీ బండి నువ్వే సూడాలె. రేపు నేను ఉంటనా?"

కుర్చీ తెప్పించలేదు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఆ మనిషిని మనసులో ఎన్ని తిట్టుకున్నానో. ఆ రోజు కూర్చోబెట్టి ఉంటే నాకు ఏమీ తెలిసేది కాదన్నది తర్వాతి మాట. నొప్పి మాత్రం నిజమే, దాన్ని ఇప్పుడు తీపి చేసి రాయను.

పెద్దకర్మ రోజు ఆ మెకానిక్ వచ్చాడు. ఫొటోకు దండ వేశాడు. "కాకా నాకు తండ్రి లెక్క. నడుమ జర అపార్థమైంది గంతే" అని అందరికీ వినబడేలా అన్నాడు. అపార్థం! నేను లేవబోతే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, అతని వంక చూడకుండానే అతనితో, "కూసో బిడ్డా, చాయ్ తాగిపో" అంది. పాపం, అతను సంతోషంగా కూర్చున్నాడు. గిర్నీకి వచ్చే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇక ఆ ఆదివారం సంగతి. ఛాతీలో బరువుగా ఉందంటే అంబులెన్స్ కోసం ఆగకుండా నేనే బండి తీశాను. చిన్నాయన ముందు సీట్లో, చిన్నమ్మ వెనక. ఉప్పల్ సిగ్నల్ ఆగకుండా దాటేశాను. బండి ఎక్కడా మొరాయించలేదు, కుదపలేదు, చేయాల్సిందంతా చేసింది. డాక్టర్లు కూడా సమయానికే తెచ్చారన్నారు. అయినా దక్కలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇప్పటికీ కొట్టుకుంటున్నాను.

హబ్సిగూడ దగ్గర ఆయన చెమటలు కారుతున్న ముఖాన్ని నా వైపు తిప్పి, "గేర్ మంచిగనే పడుతుంది బిడ్డా" అన్నాడు.

"ఇయ్యాలన్న గమ్మునుండవయ్యా" అని చిన్నమ్మ వెనక నుంచి ఆయన భుజం పట్టుకుంది. ఆయన చెయ్యెత్తి ఆమెను ఆగమన్నాడు. మెట్రో స్తంభాల పక్కన రోడ్డు ఖాళీగా ఉంది. నేను ఇంకాస్త నొక్కాను. ఆయన కళ్లు మూసుకుని, తల కొంచెం కిందికి వంచి, తర్వాతి గేరు పడే చప్పుడు కోసం చెవి పెట్టి ఉన్నాడు.